పార్ అంటే పాస్ మార్కు కాదు

గోల్ఫ్ గురించి తెలుగులో వ్యాసమా, అదీ అర్ధవీడు నుంచి వచ్చినవాడు రాయడమా అని నవ్వొచ్చినవాళ్లు ముందే ఒకసారి నవ్వేసుకోండి. మా మండలంలో గోల్ఫ్ కోర్సు లేదు. ఒక పక్క నల్లమల, ఇంకో పక్క పోతే కంభం చెరువు, మధ్యలో మిరప, పత్తి, కంది చేలు. ఎండలు ముదిరితే ట్యాంకర్ వచ్చేలోపు బిందెలు వరసలో పెట్టుకునే ఊళ్లు మావి. గడ్డికి రోజూ నీళ్లు పెట్టి, దాని మీద తెల్ల బంతిని కర్రతో కొట్టే ఆట మనకెందుకురా అని మా తాత అడిగితే నా దగ్గర జవాబు లేదు. హైదరాబాద్‌లో గోల్కొండ నయా ఖిల్లా దగ్గర, గచ్చిబౌలి వైపు బౌల్డర్ హిల్స్‌లో, విశాఖలో ఈస్ట్ పాయింట్ క్లబ్‌లో ఆడేవాళ్లు ఉన్నారు. వాళ్లలో నేను లేను. బహుశా మీరూ లేరు.

నాకు నచ్చింది ఆ ఆటలో స్కోరు లెక్క. సీఎస్ఈలో చేరాక రేటింగ్‌లు చాలా చూశాం కదా. లీట్‌కోడ్‌లో ఇంత శాతం మందిని దాటావు అని వస్తుంది. కాంటెస్టుల్లో రేటింగ్ పెరుగుతుంది, తగ్గుతుంది. సెమిస్టర్ చివర సీజీపీఏ వస్తుంది. ఇవన్నీ నువ్వు ఎక్కడున్నావో చెబుతాయి. నీ దగ్గర్నుంచి ఎంత ఆశించడం న్యాయమో మాత్రం చెప్పవు. ఆ రెండో ప్రశ్నని సీరియస్‌గా తీసుకుని, నూట యాభై ఏళ్లుగా దిద్దుకుంటూ వచ్చిన పద్ధతి నాకు గోల్ఫ్‌లో కనబడింది.

నా వాదన ముందే చెప్పేస్తాను. మన ఇళ్లల్లో, కాలేజీల్లో పిల్లలకి పార్ పెట్టడం నేర్చుకున్నాం. హ్యాండిక్యాప్ లెక్క కట్టడం నేర్చుకోలేదు. రిజల్ట్స్ రోజు హాస్టల్లో కనిపించే బాధలో సగం అక్కడి నుంచే వస్తోంది.

పార్ అంటే ఏంటి

గోల్ఫ్‌లో ఎంత తక్కువ దెబ్బల్లో ముగిస్తే అంత గొప్ప. ప్రతి హోల్‌కీ ఒక పార్ ఉంటుంది. మామూలుగా 3, 4 లేదా 5. ఆట బాగా వచ్చినవాడు ఆ హోల్‌ని ఎన్ని దెబ్బల్లో పూర్తి చేయాలో చెప్పే అంకె అది. అది ఎక్కువగా దూరాన్ని బట్టి పెడతారు. మగవాళ్లకి 260 గజాల లోపు అయితే పార్ 3, 240 నుంచి 490 గజాల దాకా పార్ 4, 450 నుంచి 710 దాకా పార్ 5. మధ్యలో అంకెలు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి, అక్కడ కోర్సు వాళ్ల ఇష్టం.

ఈ లెక్క లోపల ఒక ఊహ ఉంది. బంతి గ్రీన్ మీదికి, అంటే గుంత చుట్టూ ఉండే నున్నటి గడ్డి మీదికి చేరాక, రెండు పుట్‌లలో గుంతలో పడాలి. పార్ 4 అంటే గ్రీన్ చేరడానికి రెండు, ఆ తర్వాత రెండు. 18 హోల్స్ ఉన్న కోర్సులో సాధారణంగా నాలుగు పార్ 3లు, పది పార్ 4లు, నాలుగు పార్ 5లు ఉంటాయి. కూడితే 72. అందులో సరిగ్గా సగం, 36, పుట్‌లకే పోతుంది. పార్ కంటే ఒకటి తక్కువైతే బర్డీ, రెండు తక్కువైతే ఈగిల్. ఒకటి ఎక్కువైతే బోగీ, రెండు ఎక్కువైతే డబుల్ బోగీ.

ఇక్కడే చాలామంది పొరబడతారు. పార్ అంటే సగటు అనుకుంటారు. ఇంగ్లీషులో మామూలు మాటగా వాడేటప్పుడు కూడా 'బిలో పార్' అంటే నాసిరకం అనే అర్థం. గోల్ఫ్‌లో బిలో పార్ అంటే పండగ. అమెరికాలో అధికారికంగా హ్యాండిక్యాప్ పెట్టుకున్న మగవాళ్ల సగటు సుమారు 14. వాళ్లంతా డబ్బు పెట్టి, టైమ్ పెట్టి, ప్రతి ఆటా లెక్క రాసుకుని ఆడేవాళ్లు. అలాంటివాళ్లు కూడా తమ మంచి రోజుల్లో పార్ కంటే 14 దెబ్బలు ఎక్కువ కొడుతున్నారని అర్థం. ఇక టీవీలో కనిపించే ప్రొఫెషనల్స్ సగటు చూస్తే అటూ ఇటూగా పార్ దగ్గరే ఉంటుంది. అంటే పార్ అనేది క్లాస్ యావరేజ్ కాదు. అది టాపర్లు, మామూలు రోజున, రాసే పేపర్.

ఇంకో సంగతి చెబుతాను. ఎనిమిది అడుగుల పుట్. మన హాస్టల్ మంచం కంటే కాస్త ఎక్కువ దూరం. అంత దగ్గర్నుంచి బంతిని గుంతలో వేయలేకపోతే టీవీ ముందు కూర్చున్నవాడు "అబ్బా" అంటాడు. కొలంబియా యూనివర్సిటీ ప్రొఫెసర్ మార్క్ బ్రోడీ అమెరికా పీజీఏ టూర్‌లో నమోదైన లక్షల షాట్ల డేటా తీసి చూస్తే, ప్రపంచంలో మేటి ఆటగాళ్లు ఎనిమిది అడుగుల నుంచి వేసేది సుమారు సగమే. రెండుసార్లలో ఒకసారి తప్పుతారు. ఆయన పద్ధతి పేరు స్ట్రోక్స్ గెయిన్డ్. పీజీఏ టూర్ 2011 నుంచి పుటింగ్‌కి దాన్ని వాడటం మొదలుపెట్టింది. మనకి బాగా అర్థమయ్యే లెక్కే. బంతి ఎక్కడుందో అక్కడి నుంచి ముగించడానికి సగటున ఎన్ని దెబ్బలు పడతాయో ముందు తెలుసుకోవాలి. ఎనిమిది అడుగుల నుంచి అది 1.5. ఒక్క దెబ్బలో వేస్తే అర లాభం. రెండు పడితే అర నష్టం. అంతే. "అబ్బా" అనడానికి అక్కడ ఏమీ లేదు, అర దెబ్బ పోయింది.

మనం ఎవరి మీదైనా నిరాశ పడేముందు, ఆ చోటి నుంచి మామూలుగా ఎంత వస్తుందో తెలుసుకున్నామా అని నాకు అనుమానం.

అంకె ఎవరు పెట్టారు

పార్ అనే మాట స్టాక్ మార్కెట్ నుంచి వచ్చింది. షేరు అసలు విలువని పార్ అంటారు. గోల్ఫ్‌లోకి అది వచ్చిన కథ 1870 నాటిది. స్కాట్లండ్‌లో ప్రెస్ట్‌విక్ అనే చోట ఓపెన్ ఛాంపియన్‌షిప్ జరుగుతోంది. అప్పటికి ఆ కోర్సులో 12 హోల్స్ మాత్రమే. డోల్‌మన్ అనే గోల్ఫ్ రచయిత ఇద్దరు ప్రొఫెషనల్ ఆటగాళ్లని అడిగాడట, తప్పు లేకుండా ఆడితే ఎంత రావాలి అని. వాళ్లు 49 అన్నారు. డోల్‌మన్ దానికి పార్ అని పేరు పెట్టాడు. మూడు రౌండ్లకి 147 అవుతుంది. ఆ ఏడు యంగ్ టామ్ మారిస్ 149తో గెలిచాడు. పార్ అనే మాట ఆటలోకి వచ్చిన మొదటిసారే, ఛాంపియన్ దానికి రెండు దెబ్బలు బయట ఉన్నాడు. అప్పుడు ఎవరూ అతన్ని "అంతేనా" అనలేదు, ట్రోఫీ చేతికిచ్చారు.

రెండో కథ నాకు ఇంకా ఇష్టం. 2000లో అమెరికాలో పెబుల్ బీచ్‌లో యూఎస్ ఓపెన్. టైగర్ వుడ్స్ 272 కొట్టి 15 దెబ్బల తేడాతో గెలిచాడు. స్కోర్‌బోర్డు మీద 12 అండర్. రెండో స్థానంలో ఎర్నీ ఎల్స్, మిగెల్ ఏంజెల్ హిమెనెజ్ చెరో 287, అంటే 3 ఓవర్. ఆ వారం మొత్తంలో పార్ కంటే తక్కువ కొట్టినవాడు వుడ్స్ ఒక్కడే అని ఇప్పటికీ చెప్పుకుంటారు. నిజమే. కానీ ఆ ఏడాది నిర్వాహకులు ఒక పని చేశారు. అంతకుముందు యూఎస్ ఓపెన్లలో పార్ 5గా ఉన్న రెండో హోల్‌ని పార్ 4 అని రాశారు. కోర్సు పార్ 72 నుంచి 71 అయింది. నాలుగు రౌండ్లకి నాలుగు తేడా. పాత లెక్కే ఉంచి ఉంటే ఎల్స్, హిమెనెజ్ ఇద్దరూ 1 అండర్. కొట్టిన బంతులు అవే, దెబ్బలు అవే. కాగితం మీద ఒక 5ని 4 చేస్తే, ఇద్దరు మనుషులు గీత కింద నుంచి గీత పైకి వచ్చేశారు.

గెలిచినవాడు మాత్రం మారలేదు. ఇది గుర్తుపెట్టుకోవాలి. దెబ్బల సంఖ్య నిజం. పార్ అనేది దాని పక్కన మనం పెట్టుకున్న అంకె. దాన్ని అటూ ఇటూ జరిపితే మనుషుల మీద వచ్చే మాట మారుతుంది, వాళ్ల ఆట మారదు. "ఎనిమిది దాటకపోతే వేస్ట్" అని మన క్లాసులో ఎవరో అంటారు. ఇంకో కాలేజీలో అది ఏడున్నర. ఒక ఇంట్లో తొమ్మిది, పక్కింట్లో పాసైతే చాలు. ఆ గీత ఎవరు గీశారు, దేన్ని చూసి గీశారు అని ఎవరూ అడగరు. ఎక్కువసార్లు దాన్ని గీసింది ఏ బంధువుల అబ్బాయి ప్యాకేజీయో.

మా ఊరి పార్

మనకి ఈ ఆలోచన కొత్తదేం కాదు. మా వైపు రైతులు పంటని అణాల్లో చెబుతారు. రూపాయికి పదహారు అణాలు కాబట్టి పదహారణాల పంట అంటే నిండు పంట. 1957లో నయా పైసలు వచ్చి అణాలు పోయాయి గానీ మాట పోలేదు. ఈ ఏడు కంది ఎనిమిదణాలు, మిరప పన్నెండణాలు అని మా తాత ఇప్పటికీ అంటాడు. వెనకటికి రెవెన్యూ వాళ్లు కూడా పంట దెబ్బతిన్నప్పుడు శిస్తు తగ్గించాలా వద్దా అని తేల్చడానికి ఇలాగే అణాల్లో అంచనా వేసేవాళ్లు.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. పదహారణాలు అందరికీ తెలిసిన కొలత. కానీ ఏ రైతూ ప్రతి ఏడూ పదహారణాలు వస్తుందని అప్పు చేయడు. పన్నెండు వస్తే నిమ్మళంగా నిద్రపోతాడు. పదహారు వచ్చిన ఏడాది ఏదో పేరుతో సహా గుర్తుంటుంది. పైగా పన్నెండణాలు అనేముందు ఏ పొలం అని అడుగుతారు. కంభం చెరువు కింద మాగాణిలో పన్నెండణాలు వస్తే "ఏమైంది పైరుకి" అంటారు. అర్ధవీడు మెట్టలో, బోరు ఎండిపోయిన ఏడాది, అదే పన్నెండణాలు వస్తే "మొనగాడివిరా" అంటారు. కొలత ఒకటే, ఆశ వేరు. నేలని బట్టి, నీళ్లని బట్టి ఆశించడం మా తాతలకి తెలిసిన విద్య. అదే తాత మనవడి మార్కుల దగ్గరికి వచ్చేసరికి పొలం ఏదో అడగడం మర్చిపోతాడు. అది తాత తప్పు కూడా కాదు, చదువు సంగతిలో మేం చూపించిన కొలత ఒక్కటే, ర్యాంకు.

హ్యాండిక్యాప్ లెక్క

గోల్ఫ్ వాళ్లు పొలం ఏదని అడగడాన్ని ఒక ఫార్ములాగా రాసుకున్నారు. దాని పేరే హ్యాండిక్యాప్. 2020 నుంచి ప్రపంచమంతా దాదాపు ఒకే పద్ధతి. నీ చివరి 20 ఆటల స్కోర్లు తీసుకుని, కోర్సు ఎంత కష్టమో సర్ది, వాటిలో బాగున్న ఎనిమిదింటి సగటు తీస్తారు. అది నీ హ్యాండిక్యాప్ ఇండెక్స్. 54 దాకా ఉండొచ్చు. నీ ఇండెక్స్ 20 అనుకోండి, పార్ 72 ఉన్న మామూలు కోర్సులో నువ్వు 93 కొట్టావు. 20 తీసేస్తే నెట్ 73. పక్కవాడు సున్నా హ్యాండిక్యాప్ ఉన్న మేటి, 74 కొట్టాడు. నెట్ కూడా 74. ఆ రోజు నెట్ పోటీలో గెలిచింది నువ్వే. వాడు నీకంటే మంచి ఆటగాడు, అందులో ఎవరికీ అనుమానం లేదు. కానీ ఆ రోజు తన స్థాయికి తగ్గట్టు ఎక్కువ బాగా ఆడింది నువ్వు.

ఇందులో రెండు సంగతులు నన్ను పట్టుకున్నాయి.

మొదటిది, ఇరవైలో ఎనిమిది. ఇరవై ఆటల సగటు తీయరు, బాగున్న వాటి సగటు తీస్తారు. అంటే హ్యాండిక్యాప్ నీ మామూలు రోజుని కాకుండా నీ మంచి రోజుని కొలుస్తుంది. అందుకే నీ హ్యాండిక్యాప్‌కి తగ్గట్టు నువ్వు ఆడేది సుమారు నాలుగైదు ఆటలకి ఒకసారే. మిగతా రోజుల్లో నీ సొంత పార్ కూడా నీకు అందదు. ఇది తెలిసిన గోల్ఫర్ నాలుగో చెడ్డ రోజున కూడా బ్యాగు సర్దుకుని రేపు మళ్లీ వస్తాడు. మనం ఒక మాక్ టెస్టులో 180 వస్తే, ఆ తర్వాత ప్రతిసారీ 180 రావాలనుకుంటాం. 150 వస్తే ఏదో పోగొట్టుకున్నట్టు. ఎక్కువ వచ్చిన రోజుని కనీసం అనుకోవడం మన జబ్బు.

రెండోది, స్లోప్. ఇది మన మ్యాథ్స్‌లో వచ్చే స్లోపే. ఒక కోర్సు మేటి ఆటగాడికి ఎంత కష్టమో కొలుస్తారు, దాన్ని కోర్సు రేటింగ్ అంటారు. అదే కోర్సు సుమారు 20 హ్యాండిక్యాప్ ఉన్న మామూలు ఆటగాడికి ఎంత కష్టమో విడిగా కొలుస్తారు. ఈ రెండిటి మధ్య తేడా ఎంత నిటారుగా ఉందో అదే స్లోప్. 55 నుంచి 155 దాకా ఉంటుంది, మామూలు కోర్సుకి 113. ఇండెక్స్‌ని కోర్సు స్లోప్‌తో గుణించి 113తో భాగిస్తారు. స్లోప్ 141 ఉన్న కోర్సుకి వెళ్తే, 20 ఇండెక్స్ ఉన్నవాడికి 25 దెబ్బలు దక్కుతాయి. 5 ఇండెక్స్ ఉన్నవాడికి 6. అంటే కోర్సు కష్టమయ్యే కొద్దీ మామూలువాడి మీద పడే బరువు మేటివాడి మీద పడే బరువు కంటే ఎక్కువ అని ఆ ఆట ఒప్పుకుంది. అందరికీ అదే కోర్సు, అదే గుంత, అదే గాలి. అయినా అందరికీ ఒకే కష్టం కాదు.

నేను ఒకటో తరగతి నుంచి ఇంగ్లీష్ మీడియం. నా రూమ్‌మేట్ గిద్దలూరు వైపువాడు, జిల్లా పరిషత్ హైస్కూల్, పదో తరగతి దాకా తెలుగు మీడియం. ప్రోగ్రామింగ్ ఎగ్జామ్‌లో ప్రశ్న అరపేజీ కథలా వస్తుంది. నేను ఒకసారి చదివి కోడ్ మొదలుపెడతాను. వాడు మూడుసార్లు చదవాలి. రాత్రి రూంలో అదే ప్రశ్న నేను తెలుగులో చెబితే, నాకంటే ముందే లూప్ రాసి, "ఇంతేనా మామా, దీనికి అంత సోదెందుకు" అంటాడు. మా ఇద్దరికీ పేపర్ ఒకటే, టైమ్ ఒకటే. స్లోప్ వేరు. అది మార్కుల మెమో మీద ఎక్కడా ప్రింటవదు.

మొదటి సెమిస్టర్‌లో వాడికి 5.8. మూడో సెమిస్టర్‌కి 7.1. మా బ్యాచ్‌లో అంత పైకి ఎక్కినవాడు నాకు తెలిసి ఇంకొకడు లేడు. రిజల్ట్స్ రోజు కారిడార్‌లో ఎవరో అడిగారు.

"ఎంత మామా?"

"ఏడు పాయింట్ ఒకటి."

"అంతేనా?"

ఆ 'అంతేనా' గురించే ఈ వ్యాసమంతా. అడిగినవాడు చెడ్డవాడు కాదు. వాడి దగ్గర ఉన్న కొలత ఒక్కటే, ఆ కొలతలో 7.1 అంటే అంతే. ఆ సాయంత్రం మావాడు ఇంటికి ఫోన్ చేసి రిజల్ట్ ఇంకా రాలేదని చెప్పాడు.

ఇది సాకు కాదా

కాదనేవాళ్లు అడిగే ప్రశ్నలు నాకూ తట్టాయి. ఒకటి, కంపెనీ వాడు నెట్ స్కోరు చూస్తాడా? చూడడు. చూడక్కర్లేదు కూడా. గోల్ఫ్‌లో కూడా యూఎస్ ఓపెన్ నెట్ స్కోరు మీద ఇవ్వరు. నాకు ఆపరేషన్ చేసే డాక్టర్ తన స్థాయికి బాగా చేశాడా అని నేను అడగను, బాగా చేశాడా అనే అడుగుతాను. గ్రాస్ స్కోరు కావలసిన చోట గ్రాసే ఉండాలి. కానీ నేర్చుకునే నాలుగేళ్లు మొత్తాన్ని యూఎస్ ఓపెన్‌లా నడపడం ఏం తెలివి? క్లబ్బులో శనివారం ఆడేవాడికి హ్యాండిక్యాప్ లేకపోతే మూడో వారానికి ఆట మానేస్తాడు. మన దగ్గర కూడా మానేస్తున్నారు, కాకపోతే క్లాసులో కూర్చునే మానేస్తున్నారు. అటెండెన్స్ ఉంటుంది, మనిషి ఉండడు.

రెండో ప్రశ్న, మోసం చేయరా? చేస్తారు. కావాలని చెత్తగా ఆడి హ్యాండిక్యాప్ పెంచుకుని, పోటీ రోజు బాగా ఆడి కప్పు కొట్టేవాళ్లు ప్రతి క్లబ్బులో ఉంటారని గోల్ఫర్లే జోకులు వేసుకుంటారు. ఇరవైలో బాగున్న ఎనిమిదే తీసుకోవడానికి అది కూడా ఒక కారణం, చెత్త ఆటలు ఎన్ని కలిపినా లెక్కలోకి రావు. అయినా చివరికి ఆ పద్ధతి నిలబడేది ఆడేవాడి నిజాయితీ మీద. ఇక్కడ మన తెలుగువాడి పేరు ఒకటి చెప్పుకోవాలి. సాహిత్ తీగల, 1997లో కాలిఫోర్నియాలో పుట్టాడు, తల్లిదండ్రులు హైదరాబాద్ నుంచి వెళ్లినవాళ్లు. 2023లో ఫార్టినెట్ ఛాంపియన్‌షిప్‌లో 21 అండర్‌తో తన మొదటి పీజీఏ టూర్ టైటిల్ గెలిచాడు. 2024లో అట్లాంటాలో టూర్ ఛాంపియన్‌షిప్, మూడో రౌండ్. బంకర్‌లో కర్ర వెనక్కి తీసేటప్పుడు కాస్త ఇసుక తగిలిందనిపించి, తనే అధికారికి చెప్పి రెండు దెబ్బల పెనాల్టీ వేయించుకున్నాడు. చివరికి 24 అండర్‌తో మూడో స్థానం. రెండో స్థానంలో కొలిన్ మొరికావా, 26 అండర్. సరిగ్గా రెండు దెబ్బల తేడా. మూడో స్థానానికి 75 లక్షల డాలర్లు, రెండో దానికి కోటీ 25 లక్షలు. ఇద్దరూ సమానమై పంచుకుని ఉంటే చెరో కోటి. ఆ ఇసుక రేణువుల ఖరీదు 25 లక్షల డాలర్లు అని లెక్క. మన ల్యాబ్ రికార్డుల్లో అబ్జర్వేషన్లు ఎలా వస్తాయో మీకూ తెలుసు కాబట్టి ఇంతకంటే ఏం చెప్పను.

అదే టోర్నమెంట్ ఇంకో పాఠం కూడా చెబుతుంది. 2019 నుంచి 2024 దాకా అందులో ఒక వింత రూల్ ఉండేది. సీజన్‌లో మొదటి ర్యాంకు వచ్చినవాడు మొదటి బంతి కొట్టకముందే 10 అండర్‌తో మొదలుపెట్టేవాడు. 2024లో స్కాటీ షెఫ్లర్ అలాగే మొదలుపెట్టి 30 అండర్‌తో గెలిచాడు. కింది ర్యాంకులవాళ్లు తగ్గుతూ తగ్గుతూ సున్నా దగ్గర మొదలు. అంటే హ్యాండిక్యాప్ తిరగబడింది, బలమైనవాడికే ముందు గీత. చాలామందికి నచ్చలేదు, 2025లో తీసేశారు. కానీ మన చదువులు ఏ పద్ధతిలో నడుస్తున్నాయో ఒకసారి చూడండి. పెద్ద ఊళ్లో స్కూలు, ఇంగ్లీష్ మీడియం, ఇంట్లో ల్యాప్‌టాప్, ఇంటర్‌లో కార్పొరేట్ కాలేజీ ఉన్నవాడు మొదటి రోజు ఎంత అండర్‌తో మొదలుపెడుతున్నాడు? నాకే కొన్ని దెబ్బలు ముందుగా రాసి ఉన్నాయి. హ్యాండిక్యాప్ ఇవ్వడం అన్యాయం అనేవాళ్లు, ఈ రాసి ఉన్నవాటిని కూడా లెక్కలో కలపాలి కదా.

ఒక్క హోల్ చాలదు

చివరిగా నాకు బాగా నచ్చిన రూల్ ఒకటి. హ్యాండిక్యాప్ లెక్కకి స్కోరు పంపేటప్పుడు ఏ ఒక్క హోల్‌లోనూ ఒక హద్దు దాటి రాయనివ్వరు. ఆ హోల్ పార్, దానికి రెండు, దాని మీద నీకు అక్కడ దక్కిన హ్యాండిక్యాప్ దెబ్బలు. అంతకంటే ఎక్కువ కొట్టినా అక్కడే ఆపేస్తారు. దీన్ని నెట్ డబుల్ బోగీ అంటారు. ఒక్క చెడ్డ హోల్ నీ స్థాయి గురించి అబద్ధం చెప్పకూడదని ఆ రూల్.

2011లో టెక్సస్ ఓపెన్‌లో కెవిన్ నా అనే ప్రొఫెషనల్ ఒక పార్ 4 హోల్‌లో చెట్ల మధ్య ఇరుక్కుని 16 కొట్టాడు. పెద్ద పోటీ కాబట్టి హద్దు లేదు, 16 అంటే 16. ఆ రోజు అతని స్కోరు 80, అంటే 8 ఓవర్. కాస్త లెక్క వేయండి. ఒక్క హోల్‌లో 12 ఓవర్. మిగతా 17 హోల్స్‌లో 4 అండర్! ఆ 80 చూసి అతనికి ఆట రాదనుకుంటే ఎంత పొరపాటు.

మన దగ్గర ఆ ఒక్క హోల్ పేరు ఎక్కువగా ఎమ్1. ఒక్క మ్యాథ్స్ బ్యాక్‌లాగ్ ఉన్నవాణ్ణి 'బ్యాక్‌లాగ్‌గాడు' అని పిలుస్తాం. వాడు మిగతా సబ్జెక్టుల్లో ఏం కొట్టాడో ఎవరూ చూడరు, కొన్నాళ్లకి వాడూ చూసుకోడు. బ్యాక్‌లాగ్ క్లియర్ చేయాల్సిందే, 16ని 6 అని రాయమని నేను అనను. కానీ మనిషి మీద అంచనా వేసేటప్పుడైనా మిగతా 17 హోల్స్ చదవాలి.

మనం చేయగలిగింది

యూనివర్సిటీ రూల్స్ మన చేతిలో లేవు. కొన్ని మన చేతిలో ఉన్నాయి. మొదటిది, మన కోడింగ్ క్లబ్ ప్రాక్టీస్ కాంటెస్టుల లీడర్‌బోర్డులో ఒక్క కాలమ్ ఎక్కువ పెట్టొచ్చు. గ్రాస్ పక్కన నెట్. ప్రతి ఒక్కరి పాత కాంటెస్టుల్లో బాగున్న వాటి సగటు తీసి, ఈసారి దానికంటే ఎంత పైన, ఎంత కింద అని చూపించడం. మనకి అది ఇరవై లైన్ల పైథాన్. గ్రాస్‌లో మొదటి పేరు ఎప్పుడూ ఆ ముగ్గురిదే. నెట్‌లో మాత్రం ప్రతి వారం కొత్త పేరు వస్తుంది, వచ్చినవాడు మరుసటి వారం మళ్లీ వస్తాడు. స్క్రిప్ట్ నేను రాసిస్తాను, క్లబ్ వాళ్లు ఒప్పుకుంటే వచ్చే కాంటెస్ట్ నుంచే పెడదాం.

రెండోది, జూనియర్లకి ప్రశ్న తెలుగులో ఒకసారి వివరించి, ఆ తర్వాత ఇంగ్లీషులో చదివించే సాయంత్రం క్లాసు. తెలుగు లిటరరీ క్లబ్ అంటే కవితల పోటీలే కాదు కదా, స్లోప్ తగ్గించడం కూడా మన పనే అనుకుంటాను. ఏడాది గడిచాక వాళ్లకి ఆ సాయం అవసరం ఉండదు. హ్యాండిక్యాప్ తగ్గడానికే ఉంటుంది, దాచుకోవడానికి కాదు.

మూడోది ఖర్చు లేనిది. వచ్చే రిజల్ట్స్ రోజున పక్కవాణ్ణి ఎంత అని అడగండి, తప్పు లేదు, అందరం అడుగుతాం. వాడు చెప్పాక 'అంతేనా' అనేముందు ఇంకొక్క ప్రశ్న అడగండి: "పోయినసారి ఎంత?"